పడవ ఇంటికి డబ్బు పంపే ముందు

సంపాదకుడు గారికి,

ఇంగ్లాండు కాలువల మీద ‘నారోబోట్’లలో, అంటే సన్నటి పొడవాటి ఇనుప పడవల్లో, కాపురముంటున్న మన పిల్లల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. అయితే వంటగది అరలు, మడత మంచం, పైకప్పు మీద పూలకుండీలు తప్ప అందులో పడవ కనిపించలేదు. అద్దెలు కట్టలేక సొంతంగా పడవ కట్టించుకుంటామని అడిగే పిల్లలూ, మధురవాడలోనో పెందుర్తిలోనో ఉన్న స్థలం అమ్మి పంపుదామా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులూ మన విశాఖలో ఉన్నారు. ఓడల ప్లేటు పని, రంగు పని, సర్వే తెలిసినవాళ్లంగా వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాం. పడవ పూర్తయ్యాక మళ్లీ విప్పి చూడలేని చోట్లు కొన్ని ఉంటాయి. డబ్బూ శ్రద్ధా ముందు అక్కడ పెట్టాలి. వంటగది ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ముందు కొలతలు. అక్కడి ఇరుకు కాలువల లాకులు సుమారు 7 అడుగుల వెడల్పున కట్టారు. ధవళేశ్వరం లాకుల్లో పడవలు దిగడం చూసినవాళ్లకు పద్ధతి తెలిసిందే, వెడల్పే బాగా తక్కువ. అందుకని పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు ఉంటుంది. పొడవు 70 అడుగుల దాకా కట్టవచ్చు గానీ ఉత్తరాన కొన్ని లాకులు పొట్టివి. దాదాపు ఏ కాలువకైనా వెళ్లగలగాలంటే 57 అడుగుల దగ్గర ఆగాలి. ఇంకో బీరువా పడుతుందన్న ఆశతో 60 చేయిస్తే కొన్ని దారులు ఎప్పటికీ లేనట్టే. తర్వాత అమ్ముకునేటప్పుడు కొనేవాడు ఆ మాట ఎత్తుతాడు కూడా. 57లో ముందు అణియం, వెనక అమరం, ఇంజిను చోటు పోగా గదులకు సుమారు 40 అడుగులు మిగులుతుంది. లోపల గోడ నుంచి గోడకు ఆరడుగులు. అంటే 240 చదరపు అడుగులు, మన లెక్కలో 27 గజాలు. ఇద్దరికి సరిపోతుంది. పాకే పిల్ల ఉన్న నలుగురి కుటుంబానికి మేమైతే వద్దనే చెబుతాం.

ఇనుము మందం అడిగితే యార్డువాళ్లు ‘10, 6, 5, 4’ అంటారు. అడుగు ప్లేటు 10 మి.మీ., పక్కలు 6, క్యాబిన్ గోడలు 5, పైకప్పు 4. పది మి.మీ. ప్లేటు చదరపు మీటరుకు 78.5 కిలోలు తూగుతుంది కాబట్టి 57 అడుగుల పడవలో అడుగు ప్లేటు ఒక్కటే రెండున్నర టన్నుల పైమాట. 12 మి.మీ. వేయించుకోవచ్చా అని అడుగుతారు. వేయించుకోవచ్చు. అర టన్ను పెరుగుతుంది, ఆ మేరకు బ్యాలస్టు, అంటే పడవ కుదురుగా నిలవడానికి అడుగున పేర్చే బరువు, తగ్గించుకోవచ్చు. కానీ రంగు సరిగా పడని 12 మి.మీ. ప్లేటు కంటే రంగు సరిగా పడిన 10 మి.మీ. ప్లేటే ఎక్కువ కాలం ఉంటుంది. ప్లేటుతోపాటు మిల్లు పరీక్ష సర్టిఫికెట్ నకలు అడగండి. ప్లేటు మీద కొట్టిన హీట్ నంబరూ (ఏ కొలిమి విడత ఉక్కో చెప్పేది) సర్టిఫికెట్‌లో నంబరూ ఒకటేనా అని కోత మొదలవకముందే చూడాలి. కోశాక ఏ ముక్క ఎక్కడిదో చెప్పడం కష్టం.

అసలు జబ్బు మిల్ స్కేల్‌తో మొదలవుతుంది. వేడి మీద రోలింగ్ అయిన ప్లేటు నీలినలుపు పొరతో వస్తుంది. చూడటానికి అదే రంగులా నున్నగా ఉంటుంది. దాని మీదే తారు పూసి నీళ్లలోకి దింపే యార్డులు ఉన్నాయి. ఆ పొర అక్కడక్కడా పగిలి ఊడుతుంది. బ్యాటరీలోలాగా పొర ఉన్న మేరంతా ఒక ధ్రువం, ఊడిన చిన్న మచ్చ ఇంకో ధ్రువం అవుతాయి. మధ్యలో నీళ్లు ఉండనే ఉన్నాయి. ధ్రువాల్లో ఒకటి అంత పెద్దది, ఇంకొకటి ఇంత చిన్నది కాబట్టి తుప్పు పైపైన పరచుకోకుండా మచ్చ ఉన్నచోటే గుంట తవ్వుకుంటూ పోతుంది. మిగతా ప్లేటు కొత్తదానిలా ఉంటుంది, ఆ ఒక్క చోట 3 మి.మీ. పోయి ఉంటుంది. దీనికి మందు ఒక్కటే. గరుకు రవ్వను ఒత్తిడితో కొట్టి ఆ పొరను దాదాపు పూర్తిగా ఊడగొట్టే బ్లాస్టింగ్‌ను Sa 2½ అనే శుభ్రత స్థాయికి చేయించి, అదే రోజు ప్రైమరు కొట్టించాలి.

ఆ మాట ఒప్పందంలో రాయించండి. ‘హల్ పెయింటెడ్’ (పడవ ఒంటికి రంగు వేశాం) అని రాస్తే బ్రష్షుతో పూసిన తారు కూడా దాని కిందికే వస్తుంది. అడుగు ప్లేటు కింది వైపును బొత్తిగా రంగు లేకుండా వదిలేసే అలవాటు అక్కడ ఇంకా ఉంది. అడుగున గాలి అందదు కాబట్టి తుప్పు పట్టదని చెప్పే పాత మాట నమ్మవద్దు. కింది వైపు కూడా అని విడిగా రాయించాలి. పడవను ఎత్తి నిలబెట్టిన దిమ్మల కింద రంగు పడదు, వాటిని జరిపించి మళ్లీ కొట్టించాలి.

తారా, రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ రంగా? తారు చవక. రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి తీసి మళ్లీ పూయాలి. నీటి మీద తేలే డీజిలు తెట్టు తగిలితే అది మెత్తబడుతుంది కూడా. ఎపాక్సీ ఎక్కువ కాలం ఉంటుంది గానీ తారు ఉన్న ఇనుము మీద అంటదు. ఒకసారి తారు పూశాక ఎపాక్సీకి మారాలంటే మళ్లీ మొత్తం బ్లాస్టింగే. అందుకే ఆ నిర్ణయం మొదటి రోజే తీసుకోవాలి. ప్లేటు వేడిమి, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే వేడిమి కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ, గాలిలో తేమ 85 శాతం లోపు ఉంటేనే ఎపాక్సీ కొట్టాలి. విశాఖ తేమలో పనిచేసే పెయింటర్లకు ఈ నియమం కంఠస్థం. తడిగా ఉండే ఇంగ్లాండు చలికాలంలో తలుపుల్లేని షెడ్డులో కొడుతుంటే మీటరు రీడింగులు రాసి పెట్టమనడంలో తప్పులేదు.

వెల్డింగు విషయంలో అడుగు, పక్క ప్లేట్లు కలిసే అంచు లోపలా బయటా రెండు వైపులా పడాలి. పడిందో లేదో తేల్చే కిరసనాయిలు పరీక్ష మన యార్డుల్లో అందరికీ తెలుసు. ఒక వైపు సున్నం పూసి ఆరనిచ్చి, రెండో వైపు కిరసనాయిలు పూస్తే సందు ఉన్నచోట సున్నం మీద మరక దిగుతుంది. రంగు పడకముందే చేయాలి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. క్యాబిన్ గోడల సన్న ప్లేటు వేడికి పొంగిందా అన్నది మాత్రం కంటితోనే తెలుస్తుంది. ఓ కొస నుంచి గోడ వెంబడి వాలుగా చూస్తే అలలు కనబడతాయి. అది అందానికి సంబంధించిన లోపమే, దాని గురించి యార్డుతో గొడవపడి అడుగు వెల్డును మరిచిపోవద్దు.

ఇక జింకులు, అంటే పడవ ఇనుముకు బదులు తామే కరిగిపోయేలా తగిలించే లోహపు దిమ్మలు. వాటినే ఆనోడ్లు అంటారు. మన ఫిషింగ్ హార్బర్‌లో బోటు పైకెక్కితే ముందు జింకు దిమ్మలు మారుస్తారు. అక్కడి కాలువలు మంచినీళ్లవి, జింకు అక్కడ పనిచేయదు. మంచినీటిలో కరెంటు సరిగా పారదు, జింకు మీద పొర కట్టి అది నిద్రపోతుంది. మెగ్నీషియం వేయాలి. ఉప్పు కలిసే నీళ్లలో అల్యూమినియం, సముద్రంలో జింకు. ఇంకో సంగతి, మెరీనాలో గట్టు కరెంటు తగిలించగానే ఎర్తు తీగ ద్వారా ఆ వరసలోని పడవలన్నీ ఒకటవుతాయి. పక్క పడవకు ఆనోడు లేకపోతే మీ ఆనోడు దానికి కూలి చేస్తుంది, అది అయిపోయాక మీ ఇనుము వంతు. దీన్ని ఆపడానికి గాల్వానిక్ ఐసొలేటరు గానీ, ఇంకా మేలైన ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ పెట్టించాలి. పడవ ధరలో దాని ధర లెక్కలోకి రాదు, అయినా కొటేషన్లలో మొదట ఎగిరిపోయేది అదే.

ఇవన్నీ ఎందుకంటే, పాతబడిన పడవకు బీమా ఇచ్చేముందు అల్ట్రాసోనిక్ పరికరంతో ప్లేటు మందం కొలిపిస్తారు. 4 మి.మీ. కంటే తగ్గిన చోట మామూలుగా ఒప్పుకోరు. అప్పుడు పైన ఇంకో ప్లేటు వేయాలి, పడవ బరువెక్కి నీళ్లలోకి దిగుతుంది, నీటిమట్టానికి దగ్గరగా ఉన్న రంధ్రాలు ఇంకా దగ్గరవుతాయి. నీళ్లు బయటికి వదిలే గొట్టాలు, గాలి రంధ్రాలు నీటిమట్టానికి కనీసం 250 మి.మీ. పైన ఉండేలా మొదట్లోనే పెట్టించుకుంటే మంచిది.

లోపలి తేమ మనవాళ్లకు అలవాటు లేని సమస్య. బయట 2 డిగ్రీలు, లోపల అన్నం ఉడుకుతోంది. ఇనుప పైకప్పు లోపలి వైపు గిన్నె మూతలా చెమరుస్తుంది. ఒక కిలో ప్రొపేన్ మండితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది, 13 కిలోల సిలిండరు అయిపోయేసరికి 21 లీటర్ల నీళ్లు గదిలోకి వదిలినట్టు. పోపు ఆవిరి, ఊపిరి, ఆరేసిన బట్టలు దీనికి అదనం. చలి ఆపడానికి గోడ పలకల వెనక దూది చాపల్లాంటి ఇన్సులేషన్ పెడితే ఆవిరి దాని వెనక్కి చేరి ప్లేటును లోపలి నుంచి తింటుంది, పలక విప్పేదాకా ఎవరికీ తెలియదు. ప్లేటుకు అంటుకుపోయే పాలీయురేథేన్ స్ప్రే ఫోమ్, 25 నుంచి 40 మి.మీ. మందం కొట్టించాలి. వరస తప్పకూడదు: వెల్డింగు అంతా అయ్యాక లోపల ప్రైమరు, తర్వాత చెక్క పట్టీలు, ఆపైన ఫోమ్. ఫోమ్ పడ్డాక ఎవడో ఒక బ్రాకెట్ మరిచిపోయానని వెల్డింగు కర్ర పట్టుకొస్తే వెనక్కి పంపండి. ఆ ఫోమ్ పొగ విషం. వైర్లు ఫోమ్‌లో పూడ్చకుండా గొట్టాల్లో వేయించాలి. ధర్మాకోల్ మాత్రం ఎక్కడా వాడనివ్వద్దు, పీవీసీ వైరు తొడుగు దానికి తగిలి గట్టిపడి పగులుతుంది.

ఫోమ్ తర్వాత నేల కింద బ్యాలస్టు. ఇటుకలో, కాంక్రీటు పలకలో, ఇనుప ముక్కలో పేరుస్తారు. వాటికీ అడుగు ప్లేటుకూ మధ్య గాలి ఆడాలి, సిమెంటుతో కట్టేయకూడదు. ఎందుకంటే సామాను ఎక్కాక పడవ ఓ పక్కకు ఒరుగుతుంది, అప్పుడు జరపాలి. వంటగది, స్టవ్వు, ఫ్రిజ్ అన్నీ కుడివైపే గీసిన ప్లాను చూస్తే ఆ ఒరుగుడు కాగితం మీదే కనిపిస్తుంది. ముందున్న నీళ్ల ట్యాంకు 500 లీటర్లదైతే నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ అణియం దగ్గర అర టన్ను తేడా. ట్రిమ్, అంటే పడవ ఎటూ ఒరగకుండా నిలిచిందా అన్నది, చూసేటప్పుడు ట్యాంకు సగం నింపి చూడాలి. క్యాబిన్ నేలలో అన్నిటికంటే పల్లంగా ఉండే వెనక మూల చిన్న మూత పెట్టించుకోండి. నెలకోసారి అందులో చెయ్యి పెట్టి చూస్తే కారే గొట్టం సంగతి ముందే తెలుస్తుంది.

మరుగుదొడ్డి సంగతి మీ వ్యాసం రాయలేదు, సిగ్గుపడితే కుదరదు. అక్కడ ఎక్కువగా పెట్టే క్యాసెట్, అంటే బయటికి లాగి ఖాళీ చేసే డబ్బా, సుమారు 20 లీటర్లది, కాగితం వాడేవాళ్ల లెక్క అది. నీళ్లతో కడుక్కునే ఇద్దరికి రెండు రోజుల్లో నిండుతుంది. మలమూత్రాలను విడదీసే పొడి దొడ్లలో నీళ్లు పోయనే కూడదు. కాబట్టి మనవాళ్లకు 300 లీటర్లకు తగ్గని పంప్ అవుట్ ట్యాంకు (పంపుతో తోడి ఖాళీ చేసేది) కావాలి. దాని చోటు, బరువు మొదటి గీతలోనే ఉండాలి, చివర్లో ఇరికించేది కాదు.

కరెంటుకూ అంతే. ఇద్దరి మామూలు వాడకం రోజుకు 2 నుంచి 3 యూనిట్లు. 12 వోల్టుల 400 యాంపియర్ అవర్ లెడ్ బ్యాటరీల్లో 4.8 యూనిట్లు ఉన్నా సగమే వాడాలి, మించితే అవి తొందరగా చస్తాయి. 750 వాట్ల మిక్సీ 12 వోల్టుల మీద 70 యాంపియర్లు లాగుతుంది, ఇండక్షన్ పొయ్యి దానికి రెండున్నర రెట్లు. లావుపాటి తీగలు తప్పించుకోవాలంటే మొదటి నుంచే 24 వోల్టులకు వెళ్లాలి. లిథియం బ్యాటరీలు మేలే గానీ ఇంజిను ఆల్టర్నేటరుకు నేరుగా తగిలిస్తే ఇచ్చినంతా లాగి దాన్ని మాడ్చేస్తాయి. మధ్యలో ఆ కరెంటును హద్దులో ఉంచే డీసీ టు డీసీ ఛార్జరు ఉండాలి. సున్నా డిగ్రీల కింద వాటిని ఛార్జి చేయకూడదు కాబట్టి చల్లటి ఇంజిను గుంటలో కాక గదిలో పెట్టాలి. సోలారు మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఒక్క లెక్క చూడాలి. డిసెంబరు మధ్యాహ్నం విశాఖలో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, బర్మింగ్‌హామ్‌లో 14.

గ్యాస్ గురించి విశాఖవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో మంట పడవ నుంచి పడవకు ఎంత తొందరగా పాకిందో చూశాం. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారితే పడవ అడుగున చేరుతుంది, కిటికీ తీసినా పోదు. సిలిండరు పెట్టే అర గదులతో సంబంధం లేకుండా మూసి ఉండి, దాని అడుగున రంధ్రం బయటికి, నీటిమట్టానికి పైన తెరుచుకోవాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు, అందుకే అక్కడ ప్రొపేన్. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 ఏప్రిల్ నుంచి అక్కడి పడవల భద్రతా తనిఖీ పథకం బోట్ సేఫ్టీ స్కీమ్‌లో తప్పనిసరి. చలికి మూసుకునే గాలి రంధ్రాలను గుడ్డలతో కుక్కేస్తే ఆ అలారమే దిక్కు.

ఇంజినుకు 40 హార్స్‌పవర్ చాలు, అక్కడ వేగమే గంటకు 4 మైళ్లు. దాన్ని చల్లబరిచే స్కిన్ ట్యాంకు (ఇంజిను నీటి వేడిని ప్లేటు గుండా కాలువలోకి వదిలే తొట్టి) మాత్రం నాలుగు హార్స్‌పవర్‌కు ఒక చదరపు అడుగు చొప్పున, అంటే 10 చదరపు అడుగులు ఉండాలి. అది పక్క ప్లేటుకే వెల్డు అవుతుంది కాబట్టి తర్వాత పెంచలేరు. లాకులో నీరు దిగేటప్పుడు అమరం, లాకు వెనక తలుపు కింద నీళ్లలో ఉండే గట్టు మీద చిక్కుకుంటే అణియం మునిగి నిమిషాల్లో పడవ పోతుంది. అది పడవ తప్పు కాదు, నడిపేవారు ఆ గట్టు ఎక్కడిదాకా ఉందో చూపే గీత దాటి ముందుకు ఉండాలి.

ఇక్కడే సింధియా దగ్గర ఏ వర్క్‌షాపులోనో కట్టించి ఓడెక్కిస్తే చవక కదా అని అడిగేవాళ్లున్నారు. చేయి తిరిగిన వెల్డర్లకు ఇక్కడ కొదవ లేదు. కానీ 57 అడుగులంటే 17.4 మీటర్లు, 40 అడుగుల కంటెయినరు లోపలి పొడవు 12. విడి సరుకుగా పంపాలి. అక్కడ దిగాక 20 శాతం వ్యాట్, 2017 రిక్రియేషనల్ క్రాఫ్ట్ రెగ్యులేషన్స్ ప్రకారం కాగితాలు. మిగిలేది తక్కువ. ఇక్కడే గోదావరి కాలువల్లో అలా ఉండిపోదామంటే, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పడవ బురదలో కూర్చుంటుంది. అడుగు చదునుగా, అంచు తక్కువగా ఉండే ఈ పడవ సముద్రానికి పనికిరాదు.

నిలిపే చోటు సంగతి తేలకుండా ఆర్డరు ఇవ్వవద్దు. శాశ్వత నివాసానికి అనుమతి ఉన్న రేవులు తక్కువ. రేవు లేనివాళ్లు 1995 బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఒకచోట 14 రోజులకు మించి ఉండకుండా కదులుతూ ఉండాలి, వాళ్ల లైసెన్సు మీద అక్కడి కాలువలను చూసే సంస్థ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ 2024 ఏప్రిల్ నుంచి అదనపు రుసుము కూడా తీసుకుంటోంది. వీసా మీద ఉన్నవాళ్ల చిరునామా స్పాన్సరు కంపెనీ రికార్డులో ఉండాలి, ఆ సంగతి ముందే కంపెనీతో మాట్లాడుకోవాలి. పడవ స్థిరాస్తి కాదు. ఇంటి రుణం దొరకదు, నేల ధర పెరిగినట్టు దీని ధర పెరగదు.

చివరగా వాయిదాలు. ఇక్కడి నుంచి ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకే పంపగలడు, ముందుగా కోసే పన్ను (టీసీఎస్) ఎంతో మీ ఆడిటరును అడగండి. అడ్వాన్సు, ప్లేటు కొనుగోలు, షెల్ (పడవ ఇనుప ఒళ్లు) పూర్తి, ఇంజిను, లోపలి పని అని విడతలు ఉంటాయి. సగంలో యార్డు దివాలా తీస్తే, కట్టిన మేర పడవ ఎవరిదన్నది ఒప్పందంలోని ఒక్క వాక్యం మీద ఆధారపడుతుంది. డబ్బు ముట్టిన మేర పనీ సామానూ కొనుగోలుదారు సొత్తు అని ఆ వాక్యం ఉండాలి. లేకపోతే అప్పులవాళ్ల వరసలో చివర నిలబడాలి. 14 అక్షరాల గుర్తింపు సంఖ్య షెల్ మీద పడగానే దాని ఫొటో, మీ పేరుతో రసీదు తీసుకోండి. ఇంజిను, కిటికీల సీరియల్ నంబర్లు కూడా. చివరి విడతలో పది శాతమైనా నీళ్లలోకి దింపి ట్రిమ్, గ్యాస్, కరెంటు పరీక్షలు అయ్యేదాకా ఆపుకోవాలి. ఆ మాట మొదటి రోజే ఒప్పుకోకపోతే చివర్లో యార్డు ఒప్పుకోదు.

సర్వేయరును యార్డు కాదు, మీరు పెట్టుకోవాలి. ఒక్కసారి కాదు, మూడుసార్లు పిలవాలి: బ్లాస్టింగ్ అయి ప్రైమరు పడకముందు, ఫోమ్ పడకముందు, నీళ్లలోకి దిగాక. రిపోర్టు నేరుగా మీకే రావాలి, అది చేతికి వచ్చాకే ఆ విడత డబ్బు కదలాలి.

ఇట్లు,
ఓడ పని తెలిసిన కొందరు పాఠకులు,
మల్కాపురం, గాజువాక,
విశాఖపట్నం.